చేత్తో మోసుకెళ్లగల గిటార్ యాంప్‌లో పాతకాలపు ట్యూబ్ నాదం: వెతికే పద్ధతి

గిటార్ యాంప్ కొనడానికి వెళ్లినవారు సాధారణంగా ముందు అడిగేది ఎన్ని వాట్లు అని. ట్యూబ్ నాదం, అంటే పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో పనిచేసే యాంప్ నాదం, కావాలనుకునేవారు ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ఎక్కడ వాయిస్తాను, అక్కడ ఎంత గట్టిగా వాయించనిస్తారు, యాంప్‌ను ఎవరు మోయాలి అనే మూడు సంగతులు తేల్చుకోవాలి. ట్యూబ్ యాంప్ తన శక్తి చివరి అంచుకు చేరుతున్నప్పుడే మనం కోరుకునే నిండుదనం పుడుతుంది. ఆ నిండుదనాన్ని పుట్టించే ఇనుము, రాగి, అయస్కాంతాలే దాని బరువుకూ కారణం. అందువల్ల తేలికగా ఉండాలన్న కోరికా, పాతకాలపు నాదం కావాలన్న కోరికా ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి. దేన్ని ఎంతవరకు వదులుకోగలరో ముందే నిర్ణయించుకున్నవారికి వెతుకులాట సగం పూర్తయినట్టే.

గిటారిస్టులు వార్మ్ టోన్ అనేది గుండ్రంగా, నిండుగా, చెవికి గుచ్చుకోకుండా వినిపించే స్వరాన్ని. దీనికి స్పష్టమైన భౌతిక కారణం ఉంది. ట్రాన్సిస్టర్ యాంప్ హద్దు దాటితే ధ్వని తరంగపు శిఖరం కత్తితో కోసినట్టు తెగుతుంది, అందుకే ఆ నాదం గరగరలాడుతుంది. ట్యూబులో అదే శిఖరం క్రమంగా ఒంగుతుంది. అలా ఒంగినప్పుడు అసలు స్వరానికి పై స్థాయి అనుస్వరాలు (హార్మోనిక్స్) తోడవుతాయి; రెండో అనుస్వరం పై షడ్జమం, మూడోది దాని మీది పంచమం. తంబురా మీటుతున్నప్పుడు ఎవరూ మీటని స్వయంభూ గాంధారం వినిపించడం ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. స్పీకరును నడిపే పవర్ ట్యూబ్ ఒకటే ఉన్న చిన్న యాంపుల్లో రెండో అనుస్వరం బాగా పలుకుతుంది. రెండు ట్యూబులు ఒకటి నెట్టి ఒకటి లాగే పద్ధతిలో పనిచేసే యాంపుల్లో రెండు, నాలుగు వంటి సరి సంఖ్య అనుస్వరాలు చాలావరకు ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. చిన్న యాంప్‌కీ పెద్ద యాంప్‌కీ నాదంలో ఉండే తేడాలో ఇది ముఖ్యమైన భాగం.

అయితే ఆ నాదమంతా ట్యూబులదే అనుకోవడం పొరపాటు. పాత యాంపుల్లో కరెంటును డీసీగా మార్చే పని కూడా 5వై3 వంటి ట్యూబే చేసేది. తీగలను గట్టిగా కొట్టిన క్షణంలో దాని నుంచి వచ్చే వోల్టేజి కొంచెం కుంగి, మళ్లీ నెమ్మదిగా తేరుకుంటుంది. స్వరం ఒక్కసారి ఒదిగి తర్వాత ఉబికినట్టు వేలికి తెలుస్తుంది. ఆ తర్వాత ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, కాగితపు కోను ఉన్న స్పీకరు, వెనక తెరిచి ఉన్న చెక్క పెట్టె తమ వంతు చేరుస్తాయి. ఈ వరుసలో దేన్ని తీసేసినా నాదం మారుతుంది. అందుకే పెట్టె మీద ట్యూబ్ అనే మాట రాసి ఉండటమే రుజువని నమ్మకూడదు.

వెతకడం మొదలుపెట్టే ముందు మీ మనసులో ఉన్న పాత నాదం ఏదో గుర్తించడం మంచిది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ కంపెనీ 1950ల్లో చేసిన ట్వీడ్ చాంప్‌లో ఒకే 6వి6 పవర్ ట్యూబ్, సుమారు 5 వాట్ల శక్తి, 8 అంగుళాల స్పీకరు, ఒకే ఒక వాల్యూమ్ నాబ్ ఉండేవి. అదే కంపెనీ 1964లో తెచ్చిన ప్రిన్స్‌టన్ రివర్బ్‌లో రెండు 6వి6 ట్యూబులు, 10 అంగుళాల స్పీకరు, స్ప్రింగ్ రివర్బ్ (ప్రతిధ్వని) ఉన్నాయి. దాని నాదం శుభ్రంగా, తేటగా ఉంటుంది. ఇంగ్లండులోని డార్ట్‌ఫర్డ్‌లో జెన్నింగ్స్ సంస్థలో డిక్ డెన్నీ రూపొందించిన వాక్స్ ఏసీ15లో రెండు ఈఎల్84 ట్యూబులు ఉంటాయి. గంటలు మోగినట్టుండే మెరుపు దాని నాదానికి గుర్తు. లండన్‌లోని హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో 1960ల మొదట్లో తయారైన జేటీఎం45 గరుకైన రాక్ నాదానికి దారి వేసింది. పదాలు వెతుక్కోకుండా ఈ నాలుగింటిలో ఏదో ఒకదాన్ని వేలు పెట్టి చూపగలిగితే, దుకాణంలో అడగవలసిన ప్రశ్న దానంతట అదే తయారవుతుంది. మెలొడీ, సినిమా పాటలకు తోడుగా వాయించే ఆర్పెజియోలు (కార్డ్ స్వరాలను ఒక్కొక్కటిగా మీటడం) ఎక్కువగా వాయించేవారికి 6వి6 నాదం హాయిగా ఉంటుందనీ, బ్యాండ్‌లో తీగల మెరుపు పైకి తేలాలనుకునేవారికి ఈఎల్84 నప్పుతుందనీ నా అనుభవం.

ఇక వాట్ల సంగతి. శక్తి రెట్టింపైతే ధ్వని కేవలం 3 డెసిబెళ్లు పెరుగుతుంది. చెవికి రెండింతలు గట్టిగా వినిపించాలంటే శక్తి సుమారు పది రెట్లు కావాలి. అంటే 50 వాట్ల యాంప్ 5 వాట్ల యాంప్ కంటే రెండింతలే గట్టిగా వినిపిస్తుంది. ఒక వాటు శక్తికి మీటరు దూరంలో 100 డెసిబెళ్లు ఇచ్చే స్పీకరును 97 డెసిబెళ్లు ఇచ్చేదాని స్థానంలో బిగిస్తే, వాట్లు రెట్టింపు చేసినంత ఫలితం ఒక్క రూపాయి కరెంటు ఖర్చు పెరగకుండానే దక్కుతుంది. అపార్ట్‌మెంటులో 5 వాట్ల ట్యూబ్ యాంప్‌ను సగానికి మించి తిప్పితే పక్క ఫ్లాటువారు తలుపు తట్టే అవకాశం ఉంది. డ్రమ్స్ లేని చిన్న సభకు 5 వాట్లు, డ్రమ్స్‌తో కలిసి వాయించడానికి 12 నుంచి 22 వాట్లు సరిపోతాయి. ఇంట్లో వాయించడానికి 40 వాట్ల ట్యూబ్ యాంప్ కొంటే నాబ్ ఒకటిన్నర దగ్గరే ఆగిపోతుంది, ట్యూబులు ఎప్పటికీ తమ శక్తి అంచుకు చేరవు, డబ్బు పెట్టి కొన్న ఆ నాదం ఒక్కరోజు కూడా వినబడదు.

బ్యాటరీతో నడిచే ట్యూబ్ యాంప్ కావాలని అడిగేవారు చాలామంది. ఇది ఎందుకు కష్టమో లెక్క వేసి చూద్దాం. చాంప్ వంటి యాంప్‌లో ట్యూబుల లోపలి ఫిలమెంట్లు వేడెక్కడానికే ముందు దశలోని 12ఏఎక్స్7 ట్యూబుకు సుమారు 1.9 వాట్లు, 6వి6కు 2.8 వాట్లు, 5వై3కి 10 వాట్లు కావాలి. ఇంకా ఒక్క స్వరం కూడా పలకకముందే దాదాపు 15 వాట్లు వేడికే పోయాయన్నమాట. 2000 మిల్లీ యాంపియర్ అవర్ సామర్థ్యం ఉన్న రీచార్జబుల్ ఏఏ సెల్లులు ఎనిమిది కలిపినా 19 వాట్ అవర్లే వస్తాయి. ఒక్క వేడికే అవి గంటా పావులో ఖాళీ అవుతాయి. పైగా ట్యూబులకు 300 వోల్టులకు పైబడిన వోల్టేజి కావాలి. కాబట్టి బ్యాటరీ తప్పనిసరి అనుకుంటే పూర్తి ట్యూబ్ యాంప్ ఆశ వదులుకోవడమే నిజాయితీగల సలహా. ఇంట్లో ఇన్వర్టర్ మీద ట్యూబ్ యాంప్ నడపాలనుకునేవారు అది ప్యూర్ సైన్ వేవ్ రకమో కాదో చూసుకోవాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది, స్పీకరులో జుమ్మనే రొద వస్తుంది.

నేను కొన్న మొదటి ట్యూబ్ యాంప్ సంగతి ఇక్కడ చెప్పాలి. ముందు భాగంలో చిన్న గాజు కిటికీ, దాని వెనక నారింజ రంగులో వెలిగే ట్యూబ్ చూసి, దుకాణంలో రెండు నిమిషాలు వాయించి కొనుక్కొచ్చాను. నాదంలో ఎక్కడా ఆ గుండ్రనితనం రాకపోవడంతో నెల తర్వాత స్క్రూలు విప్పి చూశాను. ట్యూబ్ అడుగున ఒక ఎల్‌ఈడీ బిగించి ఉంది; కిటికీలో కనిపించిన వెలుగు దానిదే. ట్యూబ్‌కు కూడా 12 వోల్టుల అడాప్టర్ నుంచి వచ్చే తక్కువ వోల్టేజే అందుతోంది. అసలు పనంతా ఒక చిప్పు చేస్తోంది. ఆ రోజు నుంచి ట్యూబ్ వెలుగుతోందా అని చూడటం మానేసి, పవర్ సెక్షన్‌లో ఏముంది, ట్యూబ్ ప్లేటుకు ఎన్ని వోల్టులు అందుతున్నాయి అని అడగడం అలవాటు చేసుకున్నాను.

ట్యూబ్‌నూ ట్రాన్సిస్టర్‌నూ కలిపి చేసిన హైబ్రిడ్లన్నీ అటువంటివి కావు. ఆరెంజ్ మైక్రో టెర్రర్‌లో ముందు దశలో ఒక 12ఏఎక్స్7, పవర్ దశలో ట్రాన్సిస్టర్ సర్క్యూట్ ఉంటాయి. శక్తి 20 వాట్లు, బరువు కిలో కూడా ఉండదు. కోర్గ్, నోరిటాకే కలిసి తయారుచేసిన న్యూట్యూబ్ అనే చిన్న వాక్యూమ్ ట్యూబును వాక్స్ ఎంవీ50 యాంపుల్లో వాడారు. దాని బరువు అర కిలో చుట్టూ ఉంటుంది. ఇవి ట్యూబ్ నాదంలో ముందు దశ రుచిని నిజంగానే ఇస్తాయి, కాని పాత యాంపుల్లో వోల్టేజి కుంగి తేరుకునే ఆ ఊగును ఇవ్వలేవు. అదీగాక ఇవి కేవలం హెడ్లు. స్పీకరు పెట్టె వేరే కొనాలి, మోయాలి కూడా. రిహార్సల్ గదిలో స్పీకరు పెట్టె ఎలాగూ ఉంటుందనుకునేవారికి మాత్రం, గిటార్ సంచి జేబులో పట్టే ఇటువంటి హెడ్ గొప్ప సౌకర్యం.

ట్యూబ్ ఒక్కటి కూడా లేకుండా ట్యూబ్ నాదాన్ని డిజిటల్‌గా అనుకరించే యాంపుల పట్ల చాలామందికి చిన్నచూపు ఉంది, నాకూ ఉండేది. ఫెండర్ 2019లో తెచ్చిన టోన్ మాస్టర్ డీలక్స్ రివర్బ్ విన్న తర్వాత నా అభిప్రాయం మారింది. ట్యూబులున్న డీలక్స్ రివర్బ్ సుమారు 19 కిలోలుంటే ఇది 10 కిలోల పైచిలుకే ఉంటుంది. చెక్క పెట్టె, 12 అంగుళాల స్పీకరు అలాగే ఉంచి, ట్రాన్స్‌ఫార్మర్ల బరువు తీసివేయడం వల్లే నాదం నిలబడింది. ఇంటికి మాత్రమే అయితే యమహా టీహెచ్ఆర్ వరస బల్ల మీద పెట్టుకుని తక్కువ శబ్దంలో వాయించడానికే రూపొందింది. దాని వైర్‌లెస్ మోడళ్లలో రీచార్జబుల్ బ్యాటరీ లోపలే ఉంటుంది. ఆరు ఏఏ సెల్లులతో నడిచే రోలాండ్ మైక్రో క్యూబ్ వంటివి చెట్టు కింద కూర్చుని వాయించడానికి బాగుంటాయి, కాని 5 అంగుళాల స్పీకరు నుంచి కింది తీగ గుండెకు తాకేలా పలకాలని ఆశించకూడదు. నా దృష్టిలో, చిన్న స్పీకరు ఉన్న అసలైన ట్యూబ్ యాంప్ కంటే మంచి 10 అంగుళాల స్పీకరు ఉన్న డిజిటల్ యాంప్ పాత నాదానికి దగ్గరగా ఉంటుంది. బరువు తగ్గాలంటే నియోడిమియం అయస్కాంతం ఉన్న స్పీకరును అడగండి. మామూలు సిరామిక్ అయస్కాంతం ఉన్నదానితో పోలిస్తే అది దాదాపు సగం బరువే ఉంటుంది.

దుకాణంలో పరీక్షించే పద్ధతి మీద కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే తప్పులు జరిగేది అక్కడే. మీ గిటార్‌నూ, మీ కేబుల్‌నూ తీసుకెళ్లండి. అక్కడి ఖరీదైన గిటార్ తో ఏ యాంప్ అయినా బాగానే వినిపిస్తుంది. రివర్బ్, ఎఫెక్టులు అన్నీ సున్నాకు తెచ్చి, టోన్ నాబులు మధ్యలో ఉంచి, గిటార్ వాల్యూమ్ పూర్తిగా తెరిచి, యాంప్ వాల్యూమ్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ ఓపెన్ ఈ కార్డ్ వాయించండి. ఒక చోట గట్టిగా కొడితే క్రంచ్ (కొంచెం గరుకైన పలుకు) వస్తుంది, మెల్లగా మీటితే శుభ్రంగా ఉంటుంది. ఆ చోటు దొరికాక యాంప్‌ను ముట్టుకోకుండా గిటార్ వాల్యూమ్‌ను పది నుంచి ఆరుకు తగ్గించండి. మంచి ట్యూబ్ యాంప్ అయితే క్రంచ్ కరిగిపోయి తేటైన నాదం మిగులుతుంది, స్వరంలో బలం మాత్రం తగ్గదు. నాదం అంతా మసకబారి, దుప్పటి కప్పినట్టు అయితే ఆ యాంప్ మీకు వద్దు. తర్వాత మూడో తీగ మీద ఏడో ఫ్రెట్ స్వరాన్ని ఒక్కసారి మీటి, వేలు తీయకుండా అది పూర్తిగా ఆరిపోయేదాకా వినండి. ట్యూబుల్లో క్రంచ్ నుంచి తేట నాదంలోకి స్వరం నూనెలో జారినట్టు దిగుతుంది. నాసిరకం అనుకరణల్లో చివరి అర సెకనులో ఇసుక రాలినట్టు చిరచిర వినిపించి, ఒక్కసారిగా ఆగిపోతుంది. ఈ ఒక్క పరీక్ష నన్ను రెండుసార్లు తప్పుడు కొనుగోలు నుంచి కాపాడింది.

ఇంట్లో ఎంత శబ్దంలో వాయిస్తారో దుకాణంలోనూ అంతే శబ్దంలో కొంతసేపు వినాలి. శబ్దం తగ్గినకొద్దీ మన చెవికి మంద్రం, బాగా పై స్వరాలు రెండూ తక్కువగా వినిపిస్తాయి; అందువల్ల పడకగదిలో బేస్ పెంచి అమర్చుకున్న మధురమైన టోన్ వేదిక మీద బురదగా మారుతుంది. చాలా యాంపుల స్పీకరు మధ్య నుంచి ట్రెబుల్ టార్చిలైటు వెలుగులా తిన్నగా ముందుకు పోతుంది. మీరు నిలబడి ఉంటే అది మీ మోకాళ్లకు తగిలి, చెవికి అందదు. యాంప్ ఎదురుగా నేల మీద కూర్చుని కూడా ఒకసారి వినండి, శ్రోతలు వినేది ఆ నాదాన్నే.

వాడిన యాంప్ కొనేటప్పుడు గిటార్ పెట్టకుండా వాల్యూమ్ పెంచి వినాలి. సన్నని సుయ్యిమనే శబ్దం మామూలే. ఆగకుండా మంద్రంలో గుమ్మని మోగితే కరెంటును నునుపు చేసే ఫిల్టర్ కెపాసిటర్లు ముసలివైపోయి ఉండవచ్చు, పదిహేను ఇరవై ఏళ్లు దాటిన యాంప్‌లో వాటిని మార్చక తప్పదు. ఒక చెక్క పెన్సిల్‌తో ఒక్కో ట్యూబును నెమ్మదిగా తట్టండి. కొంచెం టంగుమంటే ఫర్వాలేదు, కీచుమంటే ఆ ట్యూబ్ పోయినట్టే. అంతకు మించి లోపల చెయ్యి పెట్టకండి. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో ప్రాణం తీయగల వోల్టేజి నిలిచి ఉంటుంది. ఆ పని తెలిసిన మెకానిక్‌కే వదిలేయాలి.

అమెరికాలోని బంధువుల ద్వారా యాంప్ తెప్పించుకునేవారు మన దగ్గర చాలామంది ఉన్నారు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి. అక్కడి యాంప్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌లకు చేసింది. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నేరుగా ప్లగ్గు పెడితే మొదటి క్షణంలోనే ఫ్యూజు పోతుంది, అదృష్టం బాగాలేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. వెనక పలక మీద ఏ వోల్టేజి ముద్రించి ఉందో ఫొటో తీసి పంపమని కొనకముందే అడగండి. తప్పదనుకుంటే కోఠీ గుజరాతీ గల్లీ వంటి చోట్ల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది. యాంప్ కరెంటు నుంచి తీసుకునే వాట్లకు కనీసం రెండింతల సామర్థ్యం ఉన్నది తీసుకోవాలి, అది మోసే బరువులో చేరుతుందని గుర్తుంచుకోవాలి. 60 హెర్ట్జ్‌కు చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్ మీద మరింత వేడెక్కుతుంది కనుక రెండు గంటలు వాయించేటప్పుడు మధ్యలో యాంప్ వెనక పలకను చేత్తో తాకి చూసుకోండి. డిజిటల్ యాంపుల్లోనూ, అడాప్టర్ తో నడిచే హెడ్లలోనూ 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేసేవి ఎక్కువ. అవి అయితే ఈ బాధ ఉండదు. ఇక ఎర్తు లేని రెండు పిన్నుల ప్లగ్గుతో పాత యాంప్ దొరికితే మూడు పిన్నుల తీగ వేయించిన తర్వాతే వాడండి. గిటార్ తీగలు యాంప్ చట్రానికి కలిసి ఉంటాయి. ఒక చేత్తో తీగలు పట్టుకుని పెదవి మైకుకు తగిలినప్పుడు కొట్టే షాకు ఎర్తు సరిగా లేకపోవడం వల్లే వస్తుంది.

ట్యూబులు మార్చడం గురించి అతిగా భయపడనక్కర్లేదు. ముందు దశలోని 12ఏఎక్స్7 ఏళ్ల తరబడి పనిచేస్తుంది. పవర్ ట్యూబులు వాడకాన్ని బట్టి ముందుగా అరుగుతాయి. చాంప్, ఏసీ15 వంటి క్యాథోడ్ బయాస్ (ట్యూబులో కరెంటు తనంతట తానే సర్దుకునే) యాంపుల్లో కొత్త ట్యూబ్ పెట్టి వాయించేయవచ్చు. ఫిక్స్‌డ్ బయాస్ ఉన్నవాటిలో ఆ కరెంటును మెకానిక్ చేత సరిచూపించాలి. ఈ రోజు కొత్తగా తయారవుతున్న ట్యూబులు ప్రధానంగా స్లొవేకియా, రష్యా, చైనాల నుంచి వస్తాయి. ఒకప్పుడు బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా ఈసీసీ83 (12ఏఎక్స్7కే మరో పేరు), ఈఎల్84 ట్యూబులు చేసేది. మన ఇళ్లలో వాల్వు రేడియో పెట్టగానే మాట రాకుండా కాసేపు ఆగి, తర్వాత నెమ్మదిగా గొంతు విప్పడం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. గిటార్ యాంప్‌లోనూ అదే జరుగుతుంది కనుక స్విచ్చి వేసి అర నిమిషం ఆగండి.

ట్యూబ్ యాంప్‌ను స్పీకరు తీగ ఊడదీసి ఎప్పుడూ ఆన్ చేయకూడదు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఇయర్‌ఫోన్లతో రాత్రిళ్లు వాయించాలంటే స్పీకరుకు బదులు యాంప్ శక్తిని తీసుకునే లోడ్ బాక్సు కావాలి, లేదా ఆ సదుపాయం లోపలే ఉన్న యాంప్ కొనుక్కోవాలి. వెనక తెరిచి ఉన్న పెట్టెను గోడకు జానెడు దూరంలో పెడితే మంద్రం పెరుగుతుంది, మూలకు జరిపితే ఇంకా పెరుగుతుంది. చిన్న యాంప్‌ను కుర్చీ మీద ఎక్కించి కొంచెం వెనక్కు వాల్చితే నాదం చెవికి చేరుతుంది.

ఏడు కిలోల చుట్టూ ఉండే చాంప్ తరహా యాంప్ స్కూటర్ ముందు భాగంలో కాళ్ల దగ్గర పడుతుంది. 14, 15 కిలోలుండే ఫెండర్ బ్లూస్ జూనియర్, ప్రిన్స్‌టన్ రివర్బ్ వంటివాటికి ఆటోనో కారో కావాలి. కచేరీ అయిపోయిన వెంటనే యాంప్‌ను ఎత్తకండి. వేడి మీద ఉన్న ఫిలమెంటు కుదుపుకు తేలికగా దెబ్బతింటుంది. స్విచ్చి ఆపి, పది నిమిషాలు ఆగి, కేబుళ్లు చుట్టుకుని, వెనక పలక మీద చెయ్యి పెడితే వెచ్చగా మాత్రమే అనిపించినప్పుడు సంచిలో పెట్టి, స్పీకరు వైపు సీటుకు ఆనేలా నిలబెట్టి బయలుదేరండి.